ఎనిమిది కిలోల వరకు

లాండ్రీలో ఆవిణ్ని అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. "సగంసబ్బూ!" అని కేకేస్తే చాలు, ఆ ఆవిరిలోంచి "ఆఁ, వస్తున్నా" అని పలికేది. పనిలో చేరిన కొత్తలో, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర కంపెనీవాళ్ళు పెట్టిన సబ్బుబిళ్ళని కత్తితో రెండు ముక్కలు చేసి, ఒకటి బయట పెట్టి, రెండోది అలమరలో దాచింది. సొంత సబ్బు కూడా కాదు! "కంపెనీ సొమ్ముకి నీకెందుకే అంత బాధ?" అని దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. "ఎవరిదైతేనేం, నీళ్ళలో కరిగిపోతుంటే చూడలేను" అందావిడ. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

అలా చూడలేకపోవడమే ఆవిడకున్న జబ్బు. నూనె ప్యాకెట్టు ఖాళీ అయితే కత్తెరతో కోసి, గిన్నెలో తలకిందులుగా నిలబెట్టి, చివరి చుక్క దిగేదాకా ఊరుకునేది కాదు. పేస్టు ట్యూబు పొట్ట చీల్చి లోపల బ్రష్షుతో గీకేది. కూరగాయల బజారుకి పొద్దున పోతే ధర ఎక్కువని, గంపలు సర్దేసే వేళకి పోయి, మెత్తబడ్డ టమాటాలూ చిట్లిన వంకాయలూ బేరమాడి తెచ్చేది. పిసినారి అని మాత్రం అనకండి. పిసినారికి దాచుకోవడానికేదో ఒకటి ఉంటుంది. ఈవిడకేముంది, నా మొహం! మొగుడు గోడలకి రంగులేసేవాడు. వానాకాలమొస్తే అతని బ్రష్షులు డబ్బాలోనే ఎండిపోయేవి. ఇద్దరూ ఆడపిల్లలు. పెద్దదానికి నాలుగేళ్ళు, చిన్నదానికి నాలుగు నెలలు. మూడో నెల నిండగానే పనికి పోవాల్సొచ్చింది, పోయిన నెల్లాళ్ళకే పాలు ఎండిపోయాయి. ఇంక పాలపొడి డబ్బానే దానికి తల్లి.

లాండ్రీ పక్క సందులో చంటిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఒకటుండేది. ఒక హాలు, నేలమీద పరుపులు, ఇద్దరు ఆయాలు. పిల్లని తీసుకుంటారు, కానీ పొద్దున సంచీలో ఐదు డైపర్లు లెక్కపెట్టి ఇవ్వాలి. గుడ్డలు పెడితే ఒప్పుకోరు, ఉతికేవాళ్ళెవరని. నాలుగే ఉన్నాయంటే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తారు. ఒకసారి అలాగే పంపించారు. పిల్లని చంకనేసుకుని ఇంటికొచ్చేసరికి ఆ రోజు కూలి పోయింది, లాండ్రీ సూపర్‌వైజరు చేత చీవాట్లూ పడ్డాయి. ఇంకోసారి జరిగితే వేరే మనిషిని చూసుకుంటానని తెగేసి చెప్పాడు. అంటే ఆ ఐదు డైపర్లుంటేనే క్రెష్, క్రెష్ ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగముంటేనే నలుగురి నోళ్ళలోకి నాలుగు మెతుకులు.

అలాంటి రోజుల్లో వీధి చివర మందుల షాపు ఎత్తేస్తున్నారని తెలిసింది. అద్దం మీద సగం ధరకే అని కాగితం అంటించారు. ఆవిడ లోపలికి పోయి చూస్తే, వెనక గదిలో ఒక గోడంతా డైపర్లు. చిన్న సైజువే. ప్యాకెట్టు మీద నవ్వుతున్న బొద్దు పాప, కింద "నాలుగు నుంచి ఎనిమిది కిలోల వరకు" అని ఉంది. ఇరవై నాలుగు ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో నలభై. ఆవిడ అక్కడికక్కడే వేళ్ళమీద లెక్క కట్టింది. క్రెష్‌కి రోజుకి ఐదు, రాత్రికొకటి, ఆదివారాలు ఇంట్లో పాత చీరముక్కలు. నెలకి నాలుగు ప్యాకెట్లు. అంటే ఆర్నెల్లు! ఆర్నెల్లపాటు ఆ గుమ్మం దగ్గర తల వంచుకోనక్కర్లేదు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది.

డబ్బు మాటేమిటంటారా? ఇంట్లో మూత ఊడిన బిస్కెట్ డబ్బాలో మొగుడి నిచ్చెన డబ్బులున్నాయి. అతనికి సొంత నిచ్చెన లేదు. పనున్నప్పుడల్లా అద్దెకి తెచ్చుకునేవాడు, వచ్చినదాంట్లో కొంత దానికే పోయేది. సొంతంగా ఒకటి కొనుక్కుంటే విడిగా పనులు ఒప్పుకోవచ్చని రెండేళ్ళుగా కూడబెడుతున్నాడు.

"అవి నిచ్చెన డబ్బులే" అన్నాడతను, డబ్బా మీద చెయ్యి పెట్టి.

"నిచ్చెన ఎక్కడికి పోతుందయ్యా? ఆర్నెల్లాగి కొనుక్కుందువుగాని. ఈ ధర మళ్ళీ వస్తుందా చెప్పు?"

అతను డబ్బా మీంచి చెయ్యి తీసేశాడు. పాపం మంచివాడు, మాటకి ఎదురాడే రకం కాదు. ఇద్దరూ నాలుగు విడతలుగా మోసుకొచ్చి, మంచం పక్కన గోడకి ఆనించి పేర్చారు. ఉన్నదే ఒక గదీ ఒక వంటిల్లూ. పెద్దది ఆ ప్యాకెట్ల మీదెక్కి గంతులేస్తుంటే, ఆ పూట ఇంట్లో పండగలాగే ఉంది.

కింద వాటాలో ఉండే టైలరక్క చప్పుడు విని పైకొచ్చింది. భుజం మీద టేపు లేకుండా ఆమెని ఎవరూ చూసి ఉండరు. గోడ నిండా ప్యాకెట్లు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమే, మతి గాని పోయిందా నీకు? ఆర్నెల్లకి సరిపడా కొన్నావు సరే. పిల్ల ఆర్నెల్లూ ఇలాగే ఉంటుందా? నా మాట రాసిపెట్టుకో, నాలుగు నెలలు తిరిగేసరికి తొడల దగ్గర పట్టేస్తుంది."

"మావాళ్ళందరం సన్నమే అక్కా. పట్టదు."

"పందెమా?"

"పందెమే. ఈ ప్యాకెట్లన్నీ అయ్యేదాకా సరిపోతే నువ్వు దానికి గౌను కుట్టివ్వాలి, ఊరికే."

"మధ్యలో పట్టేస్తే నువ్వు నా షాపు నెల్లాళ్ళు ఊడవాలి" అని నవ్వుతూ టైలరక్క చిన్నదాన్ని మంచం మీద పడుకోబెట్టి, తొడ చుట్టూ టేపు తిప్పి, కొలత గోడమీద పెన్సిలుతో రాసింది. పిల్ల కేరింతలు కొడుతూ టేపు చివర పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఆ కేరింతలు గుర్తుంచుకోండి.

ఇంక వానలు మొదలయ్యాయి. మొదలయ్యాయంటే మామూలుగానా! నాలుగు నెలల పాటు గోడలు ఆరనే లేదు, రంగులేయించుకునేవాడే లేడు. మొగుడు రోజూ పొద్దున్నే కూలీల అడ్డాకి పోయి, తడిసి ముద్దై, ఉత్తి చేతులతో తిరిగొచ్చేవాడు. అంతకుముందు ఇలాంటప్పుడు బిస్కెట్ డబ్బా ఆదుకునేది. ఇప్పుడా డబ్బా అంతా గోడకి పేర్చి ఉంది. డైపర్లు తినలేం కదా. ఆవిడ జీతం అద్దెకీ క్రెష్‌కీ పోగా మిగిలినదాంతో నలుగురూ బతకాలి. ఏం తగ్గించాలి? కూరలు తగ్గించింది. తను పొద్దున తినడం మానేసింది. టీ మానేసింది. అన్నీ మానేశాక, ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అలమర మీద కనిపించింది. పాలపొడి డబ్బా.

సీసా నీళ్ళకి ఏడు చెంచాలెయ్యాలని డబ్బామీద ఉంది. అలా వేస్తే డబ్బా వారానికి ఖాళీ. ఒకరోజు ఆరు వేసి చూసింది. పిల్ల గుటగుటా తాగేసింది, తేడా ఏం తెలియలేదు. పాలు తెల్లగానే ఉన్నాయి. రెండు వారాల తర్వాత ఐదుకి దిగింది. అప్పుడూ తెల్లగానే ఉన్నాయి. వారానికయ్యే డబ్బా పది రోజులొచ్చింది. ఆవిడకి ఎంత సంతోషమేసిందో! తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం అనిపించి ఉంటే కాళ్ళు విరగ్గొట్టుకునేది గాని ఆ పని చేసేది కాదు. పాలల్లో నీళ్ళెక్కువైతే పాలు పల్చనవుతాయి, పిల్ల కడుపైతే నిండుతుంది కదా అనుకుంది. తనూ అలాగే నీళ్ళు తాగి కడుపు నింపుకుంటోందాయె.

ఆ చెంచాలతోనే పెద్దదానికి అంకెలు కూడా నేర్పింది. బడికి పంపే స్తోమత లేదు, కనీసం లెక్కైనా రావాలిగా. పొద్దున్నే సీసాలు నింపేటప్పుడు పెద్దది స్టూలెక్కి నిలబడేది. చెంచా మీద పొడిని కత్తి అంచుతో చదును చేసి ఆవిడ సీసాలో వేస్తుంటే, "ఒకటీ... రెండూ... మూడూ... నాలుగూ... ఐదూ!" అని పెద్దది అరిచేది. ఐదు అనగానే మూత పెట్టి గిలకొట్టడం దాని పని. లెక్క తప్పితే ఒప్పుకునేది కాదు. "మా పెద్దది గట్టిది" అని లాండ్రీలో గర్వంగా చెప్పుకునేదావిడ.

చిన్నది కూడా బంగారుతల్లి అయిపోయింది. ఏడుపనేది మర్చిపోయింది. "మీ పిల్ల ఉన్నట్టే తెలీదమ్మా, ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉంటుంది, మిగతావాళ్ళంతా కొంపలంటుకున్నట్టు ఏడుస్తారు" అని ఆయాలు మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు ఇంటికొచ్చి మొగుడికి చెప్పేది. ఆరో నెలలో ఆసుపత్రికి తీసుకెళ్ళి బరువు చూపించి టీకా వేయించాలని ఆసుపత్రివాళ్ళిచ్చిన చీటీలో రాసుంది. వెళ్తే పూట కూలి పోతుంది. పిల్ల శుభ్రంగా ఉంది కదా, తొమ్మిదో నెలలో ఒకేసారి పోదామనుకుంది. ఆదా చెయ్యడం అలవాటైన మనిషికి ఇదీ ఆదాలాగే కనిపించింది.

టైలరక్క నెలనెలా టేపు పట్టుకుని పైకి రావడం మానలేదు. మొదటి నెల కొలత కాస్త పెరిగింది. ఆ తర్వాత గోడమీద అంకె మారలేదు.

"ఏమే, దీని తొడ కదల్లేదేంటే?" అందోసారి, కళ్ళజోడు సర్దుకుంటూ.

"ఓడిపోతానని గుబులా అక్కా? చెప్పానుగా, మావాళ్ళం సన్నమని."

"సన్నం వేరే..." అని ఏదో అనబోయి ఆగి, పిల్ల బుగ్గ నిమిరి కిందికెళ్ళిపోయింది. కొలిచినంతసేపూ టేపు చివర మంచం మీద పిల్ల చేతి పక్కనే పడి ఉంది. పిల్ల దాన్ని పట్టుకోలేదు.

గోడ దగ్గర గుట్ట తరుగుతూ వచ్చింది. పదహారు, పన్నెండు, ఎనిమిది. తరిగినకొద్దీ ఆవిడ గెలుస్తున్నట్టు లెక్క. క్రెష్‌లో ఒక్కరోజు కూడా మాట పడలేదు, కూలి పోలేదు. నాలుగు ప్యాకెట్లు మిగిలేసరికి చిన్నదానికి తొమ్మిదో నెల నిండింది. ఆ ఆదివారం పొద్దున టైలరక్క నవ్వుకుంటూ పైకొచ్చింది, చేతిలో గౌను. పసుపుపచ్చ గుడ్డ, మెడకి తెల్ల లేసు.

"ఓడిపోయాను తల్లీ, ఇంకా నెలుందిగాని ఇంక ఆగడమెందుకు? ముక్క మిగిలింది, కుట్టేశాను. ఇలా తే దాన్ని."

ముప్పై ఏళ్ళుగా కుడుతున్న చెయ్యి అది. తొమ్మిది నెలల పిల్ల అంటే టేపు పెట్టకుండానే కత్తిరించగలదు. గౌను పిల్ల తల మీంచి దిగింది, భుజాల మీద ఆగలేదు. మెడ లేసు పొట్ట దాకా జారింది. పెద్దది పకపకా నవ్వింది. ఆవిడా నవ్వబోయింది. టైలరక్క నవ్వలేదు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోబోయింది. పిల్ల కూర్చోలేదు. తల ఒక పక్కకి వాల్చేసి, ఎవరికేసీ చూడకుండా ఉంది.

"కుట్టడంలో తప్పు లేదే" అంది టైలరక్క, గౌను విప్పేస్తూ. "నేను తొమ్మిది నెలల పిల్లకే కుట్టాను. రేపే ఆసుపత్రికి పో. కూలీ గీలీ అన్నావంటే నేనూరుకోను."

ఆసుపత్రికి పెద్దదాన్ని కూడా వెంట తీసుకెళ్ళక తప్పలేదు. నర్సమ్మ చిన్నదాన్ని బరువు తూచే పళ్ళెంలో పడుకోబెట్టి, ఒకసారి చూసి, తీసి, మళ్ళీ పడుకోబెట్టింది. ఆరు కిలోల నాలుగొందలు. చీటీలో నాలుగో నెల దగ్గర ఆరు కిలోలని ఉంది. ఐదు నెలల్లో నాలుగొందల గ్రాములు! నర్సమ్మ పిల్ల చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలి చూసింది, కళ్ళ ముందు గిలక్కాయ ఆడించింది.

"పాపకి ఏం పాలు పడుతున్నావమ్మా?"

"డబ్బా పాలండీ. జావ కూడా, కొంచెం."

"సీసాకి ఎన్ని చెంచాలేస్తావు?"

ఆవిడకి అప్పుడు తెలిసిపోయింది. ఆ అడగడంలోనే అంతా తెలిసిపోయింది. "ఏడండీ" అంది.

"ఐదమ్మా!" అంది పెద్దది, అమ్మ లెక్క తప్పిందని నొచ్చుకుని, కుడిచేతి వేళ్ళన్నీ నర్సమ్మ మొహం ముందు చాచి చూపిస్తూ. "ఐదే. నేనే లెక్కపెడతా రోజూ."

నర్సమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పెన్ను కింద పెట్టి, పెద్దదాని వేళ్ళు మెల్లగా మూసింది. రోగం కాదు, ఆకలి అని చెప్పింది. ఇంతకాలం పిల్ల ఏడవకపోవడం మంచితనం కాదు, ఓపిక లేకపోవడమని చెప్పింది. ఇవాళ్టినుంచి ఏడు చెంచాలకి ఒక్కటి తగ్గినా ఒప్పుకోనంది. వారం వారం తీసుకొచ్చి తూయించాలి. ఇక్కడ ఊరికే ఇచ్చే బలం పొడి అయిపోయింది, వచ్చే నెల రావచ్చు.

"పెరుగుతుందాండీ?"

"బరువు పెరుగుతుంది."

"మరి... కూర్చుంటుందా? నవ్వుతుందా ఇదివరకులాగా?"

నర్సమ్మ చీటీ మీద వచ్చే వారం తారీఖు రాసింది. "ముందు పాలు సరిగ్గా పట్టమ్మా" అంది, చీటీ చేతికిస్తూ.

ఇంటికొచ్చేసరికి మొగుడు అడ్డా నుంచి తిరిగొచ్చి ఉన్నాడు. ఆవిడ చెప్పిందంతా విని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తిడతాడేమోనని ఎదురుచూసిన ఆవిడ గుండెలు బాదుకుని ఏడ్చింది. "నా చేతులతో నేనే చేశానయ్యా. నీళ్ళు పట్టి పెంచాను. అది తగ్గిపోతుంటే సైజు సరిపోతోందని మురిసిపోయాను. నాలాంటి తల్లి ఉంటుందా ఎక్కడైనా?" అతను లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

డబ్బాలో పొడి రెండు రోజులకి సరిపడా ఉంది, ఏడు చెంచాల లెక్కన. జీతానికింకా తొమ్మిది రోజులు. కంపెనీలో అడ్వాన్సు ఇవ్వరు, అడిగి చూసింది. టైలరక్క ఆ నెల అద్దె కట్టడానికే ఉన్న రెండు మిషన్లలో ఒకటి కుదువ పెట్టింది. ఇంట్లో అమ్మదగ్గ సరుకేదైనా ఉందంటే ఆ నాలుగు ప్యాకెట్లే. కొన్న ధరకి అమ్మితే, నాలుగూ కలిపి సరిగ్గా ఒక పాలడబ్బా అవుతాయి. క్రెష్ సంగతి తర్వాత, ముందు పిల్ల కడుపులో పాలు పడాలి.

కొనేవాళ్ళని టైలరక్కే వెతికింది. వెనక వీధిలో మూడో అంతస్తులో, తొలిచూలు బిడ్డతో ఒక అమ్మాయి. బ్యాంకు గుమస్తా భార్య, టైలరక్క దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. సగంసబ్బు నాలుగు ప్యాకెట్లూ సంచీలో పెట్టుకుని, మెట్లెక్కి, తలుపు తట్టింది. ఆ అమ్మాయి నవ్వుతూ లోపలికి పిలిచింది. చాపమీద పిల్లాడు. ఐదో నెలట. మణికట్ల దగ్గర కండ మడతలు పడి, కాళ్ళతో నేలని దబదబా తన్నుతూ, ఈవిడ సంచీని అందుకోవాలని బోర్లాపడి పాకబోతున్నాడు. ఈవిడ వాడికేసి అలా చూస్తూ ఉండిపోయింది.

"నాలుగూ తీసుకుంటానక్కా, షాపులో ధరకి సగమేగా" అంది ఆ అమ్మాయి, ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూస్తూ. "ఒక్కటే అనుమానం. వీడికింకా ఎన్నాళ్ళొస్తాయంటారు? మీ పాపకి ఎన్నో నెల దాకా వాడారు?"

చెప్పెయ్యొచ్చు. మా పాపకి తొమ్మిది నెలలు నిండాయి, ఇవాళ కూడా ఇవే కట్టి వచ్చాను, ఇంకా వదులుగానే ఉన్నాయి. అక్షరం అబద్ధం లేదందులో. ఆ మాట అంటే నాలుగు ప్యాకెట్లూ అమ్ముడైపోతాయి, పాలడబ్బా చేతికొస్తుంది. ఆవిడ నోరు తెరిచింది కూడా. పిల్లాడు ఆవిడ చీరకుచ్చెళ్ళు గుప్పిట పట్టుకుని గుంజుతున్నాడు. ఎంత బలముందో వాడి గుప్పిట్లో!

"ఎంతమ్మా బాబు బరువు?"

"ఏడున్నర."

"అయితే రెండు మూడు వారాలు" అంది ఆవిడ. "తర్వాత పట్టేస్తాయి. పట్టెయ్యాలమ్మా. పట్టకపోతే ఊరుకోకు, వెంటనే ఆసుపత్రికి పట్టుకెళ్ళు."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. కాస్త ఇబ్బందిగా నవ్వి, "అంతేనా! అయితే రెండు చాలక్కా" అంది. రెండింటికి డబ్బిచ్చి, మంచినీళ్ళు కావాలా అని అడిగి, తలుపు దాకా వచ్చింది.

పాలడబ్బా సగం అమ్మరు. అయినా ఆవిడ దారిలో మూడు షాపులు తిరిగింది. చిన్న డబ్బా ఉందా అంటే లేదన్నారు. ధర తగ్గిస్తారా అంటే నవ్వారు. రెండు ప్యాకెట్లతో, సగం డబ్బా డబ్బులతో ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంది.

ఆసుపత్రికెళ్ళొచ్చాక పెద్దది నిద్రలో ఉండగానే ఆవిడ ఏడేసి చెంచాలతో పాలు కలిపి ఉంచేది. మూడో రోజు సాయంత్రం మాత్రం పాలు కలిపే వేళకి పెద్దది ఎప్పట్లాగే స్టూలెక్కింది. ఆవిడ చెంచా చెంచాకీ కత్తి అంచుతో చదును చేసి సీసాలో వేసింది. "ఒకటీ... రెండూ... మూడూ... నాలుగూ... ఐదూ!" అని పెద్దది మూత అందుకోబోయింది. ఆవిడ దాని చెయ్యి పట్టుకుని ఆపింది.

"అవలేదమ్మా. ఇంకా ఉన్నాయి."

"ఐదు తర్వాత ఏంటి?"

"ఆరు" అని ఆవిడ ఇంకో చెంచా తీసి వేసింది.

"ఆరూ!" అంది పెద్దది, కొత్త అంకె దొరికినందుకు మొహం వెలిగిపోతుంటే. "ఆరు తర్వాత?"

ఆవిడ డబ్బా వంచి, అంచుల వెంట, అడుగు వెంట, చెంచాతో గీకింది. రేకు చప్పుడు తప్ప చెంచాలోకేమీ రాలేదు.